ఎర్ర పాలక్యాను దాటాక ఎడమకి

అది కాదు డూగల్, రోడ్డు మూయొద్దని కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేసేముందు నాకొక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది? ఒకే బళ్ళో చదువుకున్నాం. నా జడ తీసుకెళ్ళి కుర్చీకి కట్టేసినవాడివి నువ్వు. అంతటి పరిచయం పెట్టుకుని, నువ్వు అడ్డం తిరిగావన్న సంగతి నేను ఆ ఆఫీసు జాస్లిన్ నోటంట వినాలా?

ఉండు, బూట్లు విప్పనీ. మీ ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా ఈ గుమ్మంలోకి బురద కాళ్ళతో రావాలంటే నాకింకా హడలే. కుక్కని కాస్త అవతలికి పొమ్మను. ఇదిగో, చీజ్ రోల్స్. ఇంకా వేడిగానే ఉన్నాయి. అప్పుడే గుడ్డ విప్పకు, చల్లారిపోతాయి.

కూర్చోమనవా? సరే, నేనే కూర్చుంటాను.

జరిగిందేంటో నీకు తెలుసు. అయినా మళ్ళీ చెప్తాను. ఎందుకంటే నువ్వు విన్నావో లేదో నీ మొహం చూసి చెప్పగలిగినవాళ్ళు ఈ సౌత్‌లాండ్ మొత్తంలో లేరు. నీ పెళ్ళిలో పాదిరిగారు సమ్మతమేనా అని అడిగితే తలకాయ ఊపి ఊరుకున్నావు. ఆయన నోటితో చెప్పు నాయనా అని మళ్ళీ అడగాల్సొచ్చింది. నాకు జ్ఞాపకమే, రెండో వరసలో కూర్చున్నాను.

వచ్చే శనివారం మన బ్రాక్స్‌బర్న్ రోడ్డు మీద కార్ల ర్యాలీ. దక్షిణ జిల్లాల సిరీస్‌లో ఈ ఏటికి ఇదే ఆఖరిది. రోడ్డు పొడుగునా ఉన్న ఇళ్ళవాళ్ళంతా సరేనంటేనే కౌన్సిల్ ఆ రోజుకి రోడ్డు మూస్తుంది. అందరూ సరేనన్నారు. నువ్వు వద్దన్నావు. ఇవాళ వాళ్ళు ఆఫీసు కట్టేసేలోగా నువ్వు మళ్ళీ ఫోన్ చేసి మాట మార్చుకోకపోతే ర్యాలీ లేదు. జాస్లిన్ చెప్పిందిది. చెప్పి, పాపం ఆవిడ కూడా నిట్టూర్చింది. ఆవిడ మరిది మా కారు బోనెట్ మీద డబ్బుపెట్టి పేరు రాయించుకున్నాడు మరి.

ర్యాలీ లేకపోతే కొంపలేం మునుగుతాయంటావా? అనలేదులే. నేనే అంటున్నాను.

ఆ కిటికీలోంచి చూడు. గేటు దగ్గర బండిలో తల దించుకుని కూర్చుంది చూశావా, టెగన్. మా తమ్ముడు ఈవన్ కూతురు. లోపలికి రావే అంటే రానంది. పోయినేడు ర్యాలీలో కారుతో నీ కంచె విరగ్గొట్టుకుని లోపలికెళ్ళి పడ్డప్పట్నుంచీ నీకు ఎదురుపడాలంటే దానికి సిగ్గు. అత్తా, నువ్వెళ్ళి అడుగు, నువ్వడిగితే ఎవరూ కాదనరు, అంది. అంత నమ్మకం నా మీద. ఆ నమ్మకం చూస్తే నాకు ఒళ్ళు మండుతుందనుకో.

ఈవన్ కారు నడిపినన్నాళ్ళూ పక్కసీట్లో కూర్చుని, ముందు ఏ మలుపొస్తుందో రాసుకున్నది చూసి దారి చదివింది నేను. వాడి నడుం పడిపోయాక స్టీరింగు ఈ పిల్ల చేతికొచ్చింది. పక్కసీట్లో మటుకు నేనే. హెల్మెట్లు మార్చుకున్నాంగానీ మనిషి మారలేదు.

ఇప్పుడు మన సిరీస్‌లో టెగన్ రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానం ఎవరిదనుకున్నావ్? డునీడిన్‌లో పళ్ళ డాక్టరు లేడూ, ఆయన కొడుకు, హ్యూగోది. మంచివాడే, పాపం. దారిలో కనపడితే నవ్వుతాడు. ఆ పళ్ళు పెట్టుకుని నవ్వకేం చేస్తాడు? వాళ్ళు ర్యాలీకి లారీ వేసుకొస్తారు డూగల్. లారీ పక్కన గుడారం. గుడారంలో కింద రగ్గు. బురదలో జరిగే ర్యాలీకి రగ్గు తెచ్చుకునేవాళ్ళని నువ్వెప్పుడన్నా చూశావా? మా ఈవన్ చూడ్డానికి వెళ్ళి, బూట్లు విప్పాలా అని అడిగొచ్చాడు. వెటకారమనుకున్నారు, వాడు నిజంగానే అడిగాడు.

శనివారం ర్యాలీ జరిగి మనమ్మాయి గెలిస్తే సిరీస్ మనది. జరగలేదా, ఇప్పుడున్న లెక్క ప్రకారం ఆ రగ్గువాళ్ళది. గెలిచినవాళ్ళకి వచ్చే ఏడు జాతీయ ఛాంపియన్‌షిప్‌లో సీజన్ పొడుగునా కారు ఇస్తారు. కారు, టైర్లు, మెకానిక్కులు, పక్కన కూర్చుని దారి చదివే మనిషి, అన్నీ వాళ్ళవే. మనం ఒళ్ళు తీసుకెళ్తే చాలు.

టీ పెట్టావా? పెట్టు. నాకు పాలు ఎక్కువ.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఆ బహుమతి. దాని గురించి చెప్పడానికి ఆక్లాండ్ నుంచి ఒకతను ఊడిపడ్డాడు. గోర్ ఊళ్ళో సమావేశం. ఇస్త్రీ నలగని జాకెట్టు, దాని మీద అన్ని కంపెనీల పేర్లూ. గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. నిచ్చెన బొమ్మ. పై మెట్టు మీద యూరప్. దాని కింద ఆసియా పసిఫిక్. దాని కింద జాతీయం. అన్నిటికంటే కింద, నేలకానుకుని, మనం. ‘ప్రాంతీయ సిరీస్ లేకపోతే పైన ఎవరూ ఉండరండీ, మీరే మాకు పునాది’ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పునాది అంటే మట్టిలో కప్పెట్టి పైన ఇల్లు కట్టుకునేదని వీళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

నేను చెయ్యెత్తి అడిగాను. బాబూ, బొమ్మ బాగుంది, ఆ నిచ్చెన జారకుండా కింద పట్టుకునేవాళ్ళ బొమ్మ వెయ్యలేదేం అని. నవ్వి, ఇప్పుడు టీ విరామం అన్నాడు.

అలాగని అతను చెప్పింది అబద్ధం కాదు, అదే నా ఏడుపు. పెద్ద పోటీకి లైసెన్సు కావాలంటే ముందు మనలాంటి చిన్న ర్యాలీలు కొన్ని పూర్తిచేసి రావాలి. గెలవక్కర్లేదు, పూర్తి చెయ్యాలి. కుర్రాళ్ళకి తెలియనిదే అది. మొదటి ఏడు ప్రతివాడూ గెలవాలనే వస్తాడు, మూడో మలుపులో వాగులో ఉంటాడు. రెండో ఏటికి తెలుస్తుంది, కారు ఇంటికి రావాలని. గేరు కడ్డీ ఊడితే కంచెతీగతో కట్టుకోవడం, వాననీళ్ళు కంకర మీద ఏ రంగులో ఉంటే జారుతుందో చూసుకోవడం, ఓడినా వెళ్ళి గెలిచినవాడి చెయ్యి పట్టుకుని ఊపడం, ఇవన్నీ ఇక్కడ నేర్పాల్సిందే. పైన ఎవడూ నేర్పడు. పైన అందరికీ అన్నీ వచ్చనే అనుకుంటారు.

నువ్వు సీసాపాలు పట్టి గొర్రెపిల్లల్ని పెంచుతావు చూడు, తల్లిలేనివాటిని. ఇదే ఈ పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెట్టి. అవి నీ వెనకాలే తిరిగి తిరిగి, కాస్త ఎదిగి మందలో కలిశాక నువ్వు పిలిస్తే తలెత్తి కూడా చూడవు. మా సిరీస్ చేసేది అదే పని. కాకపోతే నీకు ఉన్ని అన్నా మిగులుతుంది.

బ్రైస్‌ని చూడలేదూ? మన టేలర్‌గారబ్బాయి బ్రైస్. ఇప్పుడు యూరప్‌లో నడుపుతున్నాడు. మొన్న టీవీలో అడిగారు, ఎక్కడ నేర్చుకున్నావయ్యా అని. ‘మాది మారుమూల ఊరండీ, నాకు నేనే నేర్చుకున్నాను’ అన్నాడు. వినగానే నా చేతిలో ఉన్న బిస్కత్తు టీలో పడిపోయింది. నీకు నువ్వే నేర్చుకున్నావా? మొదటి ర్యాలీలో ఐట్కెన్ ముసలమ్మ పశువులకి వేసుకున్న టర్నిప్ చేలోకి కారు దున్నుకుంటూ పోయాడు. ఆవిడ తిట్టిందా? ట్రాక్టరు తనే తెచ్చి లాగించి, టీ ఇచ్చి, పొడి సాక్సులిచ్చి పంపింది. ఆ సాక్సులు వాడు తిరిగివ్వలేదు. ఆవిడ ఇప్పటికీ నన్ను అడుగుతుంది, ఆ అబ్బాయి బాగున్నాడా, కాళ్ళు పొడిగా ఉంచుకుంటున్నాడా అని. టీవీలో ఐట్కెన్ పేరు వచ్చిందేమో చెప్పు.

సరే, నీ కంచె సంగతి మాట్లాడుకుందాం. ఊళ్ళో అందరూ అనేది అదే. పోయినేడు కంచె పోయింది, పెంచుకుంటున్న జింకలు పారిపోయాయి, డూగల్ మనసులో పెట్టుకుని ఈ ఏడు కక్ష తీర్చుకుంటున్నాడు అని.

నేను ఒప్పుకోను. ఎందుకంటే మర్నాటికల్లా మా క్లబ్బువాళ్ళు వచ్చి కొత్త గుంజలు పాతి వెళ్ళారు. పాతదానికంటే బాగుంది కదా, నిజం చెప్పు. జింకలు కూడా ఒక్కటి తగ్గకుండా ఇల్లు చేరాయి. గడియారాలు పట్టుకుని లెక్క రాసుకునేవాళ్ళు, టికెట్లు కొనుక్కుని చూడ్డానికొచ్చినవాళ్ళు, పోటీ వదిలేసి డ్రైవర్లు, అందరూ చేతులు చాపుకుని పొలాలకడ్డంగా పరిగెత్తారు. ఆ హ్యూగో కూడా పరిగెత్తాడు, తెల్ల బూట్లతో. ఒక జింక చర్చి ఆవరణలోకెళ్ళి పెళ్ళివాళ్ళ ఫొటోలో పడింది. ఆ ఫొటో చూశావా? పెళ్ళికూతురికంటే జింకే బాగా పడింది.

నవ్వావు. నవ్వావు డూగల్, మీసం కదిలింది.

అసలు ఆ రోజు తప్పెవరిదని నేనెప్పుడన్నా అడిగానా? ఇప్పుడడుగుతాను. నీ ఉత్తరాల డబ్బా. మీ నాన్న పాతిన పాలక్యాను, ఎర్రరంగుది, రోడ్డు పక్కన గుంజ మీద పడుకోబెట్టి ఉంటుంది. నేను దారి రాసుకునే తీరు నీకు తెలుసు కదా. ముందురోజు మెల్లిగా నడిపించుకుంటూ వచ్చి, కంటికి కనపడేది రాసుకుంటాను. ఎండిన పైన్ చెట్టు, కొంచెం కుడి. స్నానాల తొట్టిలో గొర్రెలు నీళ్ళు తాగేచోట మిట్ట, దాని వెనక రోడ్డు ఎడమకి. అవతల ఎర్ర పాలక్యాను, దాటాక గట్టి ఎడమ. ఈవన్‌కి అలాగే చదివాను. వాడు ఈ రోడ్డు మీదే పుట్టాడు, ఆ మాట వింటే చాలు, చేతులే తిరిగేవి.

నువ్వేం చేశావు? ఏళ్ళ తరబడి ముట్టుకోనివాడివి, సరిగ్గా నేను రాసుకుని వెళ్ళిన సాయంత్రమే ఆ క్యాను ఊడదీసి, పచ్చరంగు వేసి, గేటుకి అవతలి పక్క బిగించావు. ఆకుపచ్చ! పచ్చగడ్డిలో! పోస్టువాడికైనా కనపడిందా? నేను ఎర్ర పాలక్యాను అని చదువుతున్నాను, పిల్ల ఎరుపు కోసం వెతుకుతోంది, ఎరుపు లేదు, రోడ్డూ లేదు. తర్వాత నీ జింకలు.

ఏంటీ? ర్యాలీకి వచ్చేవాళ్ళకి ఇల్లు అందంగా కనపడాలని రంగు వేశావా?

అయ్యో దేవుడా. ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదయ్యా.

సరే. మరి కంచె కోసం కాకపోతే దేనికి వద్దన్నావు? దుమ్ముకా? ర్యాలీ ముందు నీళ్ళ ట్యాంకరు తిప్పుతామన్నారు. చప్పుడుకా? నీ కుక్క చేసే చప్పుడు ముందు మావాళ్ళ ఇంజన్లెంత? ఎవరన్నా ఏమన్నా అన్నారా నిన్ను? ఉన్న మాట చెప్పు, నేను వెళ్ళి వాళ్ళతోనే తేల్చుకుంటాను.

ఊఁ?

గట్టిగా చెప్పు, కెటిల్ మోతలో వినపడలేదు.

నేను రాలేదంటావేంటి? ఎక్కడికి రాలేదు?

ఓహో. అదా. చీజ్ రోల్స్ పట్టుకుని అడగడానికి రాలేదనా. ఇప్పుడొచ్చాను కదా మరి. అంటే, అదీ, ఈ ఏడు కొంచెం ఆలస్యమైంది. నాకు జ్వరం వచ్చింది. తర్వాత మోకాలు. తర్వాత... ట్రాక్టరు మీంచి చూశావా నన్ను? ఎప్పుడు? ఐట్కెన్ వాళ్ళింటికి వెళ్తుంటేనా?

చెయ్యి ఊపానా? ఊపానేమో. ఊపాను. అవును, ఊపాను.

టీ బాగుంది. పాలు సరిపోయాయి.

అలా చూడకు డూగల్. నువ్వు మాట్లాడకపోతే ఫరవాలేదు, అలవాటే. చూస్తేనే కష్టం.

నీ ఇల్లే కదా రోడ్డులో మొదటిది. ఈవన్ నడిపిన రోజుల్నుంచీ ప్రతి ఏడూ ఇక్కడే మొదలెడతాను. ముందు డూగల్ గుమ్మం, తర్వాత ఐట్కెన్ ముసలమ్మ, తర్వాత మిగతావాళ్ళు. చీజ్ రోల్స్ ఇవ్వడం, టీ తాగడం, ఊళ్ళో సంగతులు, లేచేముందు అడగడం. నువ్వు తలకాయ ఊపడం. నీ దగ్గర తలకాయ ఊపించుకుని వెళ్తే మిగతా ఇళ్ళు సగం గెలిచినట్టే. డూగల్ సరేనన్నాడా, అయితే మాకేం, అనేవాళ్ళు.

అడక్కపోతే నువ్వేం చేస్తావో కూడా నాకు తెలుసు. మీ నాన్నని చూశాను కాదూ. కరెంటువాళ్ళు అడక్కుండా మీ పొలంలో గుంజ పాతారని, ఈ రోడ్డంతా బల్బులు వెలుగుతుంటే మీరొక్కళ్ళే ఏళ్ళ తరబడి కిరసనాయిలు దీపాలు పెట్టుకున్నారు. బళ్ళో నీ లెక్కల పుస్తకానికి మసి అంటుకుని ఉండేది. అడిగుంటే ఆయనే పార తెచ్చి గొయ్యి తవ్విచ్చేవాడు.

తెలుసు. తెలిసే దాటిపోయాను. ఇంకేం చెప్పను? ఒళ్ళో చీజ్ రోల్స్ పళ్ళెం పెట్టుకుని, నీ గేటు ముందునుంచి, చెయ్యి ఊపుకుంటూ పోయాను. నువ్వు అడ్డం తిరగాలనే పోయాను.

మిగతా ఇళ్ళన్నీ తిరిగి, అందర్నీ ఒప్పించి, చక్కగా ఇంటికెళ్ళి కూర్చున్నాను. జాస్లిన్ ఫోన్ చేసి డూగల్ వద్దన్నాడంటే, అయ్యో అలాగా అన్నాను. నా గొంతు విని ఆవిడ నన్ను ఓదార్చింది కూడా. ఈ సీమలో నా అంత నటి లేదనుకో.

ఎందుకంటావా? ఈసారి నిజంగానే అడిగావు, నీ నోటితోనే.

మొన్న నాకు జ్వరమొచ్చిందన్నాను కదా. ఆ వారమే ఈ సిరీస్‌లో దీనికి ముందు ర్యాలీ. నేను లేవలేకపోయాను. చివరి నిమిషంలో గోర్ బళ్ళో టీచరమ్మ రోవీనాని కూర్చోబెట్టారు. ఆవిడకి ఈ రోడ్లు తెలియవు, ఎవరి డబ్బా ఏ రంగో తెలియదు. ఇప్పుడు అందరూ చదివేట్టు నంబర్లు చదివింది. ప్రతి మలుపుకీ ఒక నంబరు. ఒకటంటే బాగా గట్టి మలుపు, ఆరంటే దాదాపు తిన్నగా. మూడు ఎడమ, ఐదు కుడి, మిట్ట, నాలుగు ఎడమ. బళ్ళో హాజరు పిలిచినట్టు. అందులో చెట్టు లేదు, పుట్ట లేదు, ముసలమ్మ లేదు.

పిల్ల గెలిచింది. గెలవడమంటే ఇలా అలా కాదు. హ్యూగో వాళ్ళ నాన్న రగ్గు మీద కూర్చుండిపోయాడట. నాతో ఎప్పుడూ గెలవలేదది. రెండో స్థానం, మూడో స్థానం, బురద గుంట, అంతే. సాయంత్రం అందరూ నాకు ఫోన్లు. మోర్నా, మీ పిల్ల గెలిచింది, నీ పెంపకం. నాకు జ్వరమొచ్చినందుకు అభినందనలు చెప్పించుకున్నాను డూగల్.

ఎందుకు గెలిచిందో నాకు తెలుసు. నేను పాలక్యాను అంటే అది పాలక్యాను కోసం కళ్ళతో వెతుకుతుంది, కనపడిందాకా పెడలు మీంచి కాలు తీస్తుంది. ప్రతి మిట్ట దగ్గరా తీస్తుంది. నంబరు చెప్తే వెతకడానికేం లేదు, నమ్మి తొక్కేయడమే. వాళ్ళ నాన్న ఈ రోడ్డు మీద పుట్టాడు కాబట్టి నా చదువు సరిపోయింది. ఇది పైకి వెళ్ళాల్సిన పిల్ల. పైన రోడ్లలో మన డబ్బాలుండవు.

దానికి మాత్రం నోరు రాలేదు. వారం పోయాక, అత్తా, ఊరికే, సరదాకి నంబర్లు నేర్చుకుంటావా, అంది. సరదాకట. అంత మెత్తగా అడిగింది, దానికంటే నన్ను దింపేసి పోయినా బాగుండేది. నేనేమన్నానో తెలుసా? మీ నాన్నకి అక్కర్లేని నంబర్లు నీకెందుకే అన్నాను. అది సరే అంది. శనివారం నన్నే పక్కన కూర్చోబెట్టుకుంటానంది. ఆఖరి ర్యాలీ, మనిద్దరమే అత్తా, అంది. నేను కూర్చుంటే రెండో స్థానమని దానికీ తెలుసు. తెలిసే అంది, ఆ వెర్రిది.

అందుకని... అసలు ర్యాలీయే లేకపోతే ఏ గొడవా లేదు కదా అనిపించింది. గెలవలేదన్న మాట రాదు, నన్ను దింపిందన్న మాట రాదు. డూగల్ మొండివాడు, ఏం చేస్తాం, అని అందరం కలిసి నిన్ను తిట్టుకుంటాం. పిల్ల ఇంకో ఏడు ఇక్కడే ఉంటుంది. నీకు ఊళ్ళో ఎలాగూ మంచిపేరు లేదు కాబట్టి పోయేదేం లేదనుకున్నాను.

అంతేనయ్యా. నిచ్చెన పట్టుకునేవాళ్ళ బొమ్మ వెయ్యలేదని ఆక్లాండ్ అతన్ని కడిగేసిందాన్ని. పిల్ల మెట్టెక్కే వేళకి నేనే లాగేశాను.

వస్తూ గేటు దగ్గర చూశాను. క్యాను మళ్ళీ ఎర్రగా ఉంది. పాతచోటే, పాత గుంజ మీదే. ఎప్పుడు మార్చావు? నేను వస్తాననుకునేనా? వద్దు, చెప్పకు. రంగు మిగిలిపోయిందని చెప్తావు, నేను నమ్మినట్టు తల ఊపాలి.

ఎక్కడికి లేచావు? టీ చాలు నాకు. ఓ, ఫోన్ దగ్గరికా.

మరి చెయ్యి. చేతిలో పట్టుకుని నిలబడ్డావేం? నా మొహంలో ఏముంది?

అడగాలా? ఇంతసేపటినుంచీ నేను చేసిందేంటనుకున్నావ్?

తిట్టాను. అవును. వచ్చిన దగ్గర్నుంచీ తిట్టానేగానీ అడగలేదు. నిజమే. మీ నాన్న పోలికే అంతా.

సరే, అడుగుతున్నాను. డూగల్, శనివారం మా ర్యాలీకి మీ ఇంటిముందు రోడ్డు మూసుకోనిస్తావా? మా పిల్ల వెళ్ళాలి.

ఇంకోటి కూడా. ఆ రోజు నీ గేటు దగ్గర నేను నిలబడొచ్చా? రోవీనాకి నేనే చెప్తాను, వచ్చి కూర్చోమని. పిల్లకి కూడా చెప్తాను, ఇప్పుడే, బండిలోనే. ఏడుస్తుంది. కాసేపే. కారు నా ముందునుంచి పోతుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు, నేనెప్పుడూ లోపలే ఉన్నాను. నీ జింకలు బెదరకుండా చూస్తాలే, ఆమాత్రం పనికొస్తాను.

తలకాయ ఊపితే చాలదు, జాస్లిన్‌కి ఫోన్లో కనపడదు. నంబరు నొక్కు.

కళ్ళజోడు ఎక్కడ పెట్టావు? ఊరుకో, ఇప్పుడు వెతక్కు, వాళ్ళు ఆఫీసు కట్టేస్తారు. నేను చదువుతా, నువ్వు నొక్కు. నాలుగు. ఆఁ. ఒకటి. ఎనిమిది, సున్నాకి పైన, మధ్యలో. తొందరేం లేదు, నన్ను నమ్మి నొక్కు. మళ్ళీ నాలుగు. మూడు. ఆరు. ఆఖరిది రెండు.

చూశావా, ఏముంది ఇందులో? ఎవరైనా చదువుతారు.